ఊరి వార్త ఊరివారికి ముందు తెలియవలెను

ఈ నెల నేను ఎరువులను గూర్చిగాని విత్తనశుద్ధిని గూర్చిగాని వ్రాయుటలేదు; వార్తలను గూర్చి వ్రాయదలచితిని. వ్యవసాయ ప్రదర్శకునకు వార్తలతో నేమి పనియని కొందఱికి తోచవచ్చును. పని యెంతయో కలదు. పొలమున గలుగు నష్టములలో కొన్ని పద్ధతి తెలియకపోవుటచే గలుగును. అవి బోధించినచో తీఱును. కాని తెలియవలసిన సంగతి ఊరిలో నొకరికి తెలిసియుండియు, పది గడపల యవతల నున్నవానికి వేళకు చేరకపోవుటచే గలుగు నష్టములు అంతకంటె నెక్కువగా నా కంటబడుచున్నవి. వానిని మాన్పుటకు ప్రదర్శన మడులు చాలవు.

దివిసీమ చిన్న ప్రదేశము. పులిగడ్డకడ కృష్ణానది రెండు పాయలై చీలి సముద్రమును జేరులోపల, ఆ పాయల నడుమ మిగిలిన భూమియే యిది. పూర్వపు దివి తాలూకా యనినచో చల్లపల్లి, ఘంటసాల ప్రాంతములును చేరును. 1985లో మండలము లేర్పడిన పిమ్మట తాలూకా పేరు కచేరీ కాగితములనుండి తొలగెనుగాని జనుల నోటినుండి తొలగలేదు. నేడీ సీమలో ఫోను లేని యిల్లు అరుదు. ఢిల్లీలో మంత్రులు మాఱినను, అమెరికాలో బంగారపు ధర పెరిగినను, కోడూరు దుకాణపు అరుగుపై కూర్చున్నవారు తెల్లవాఱునప్పటికి దానిని గూర్చి తర్కించుచుందురు. సంతోషమే. అయితే ఆ యరుగుమీది నలుగురినే పిలిచి, కాలువ యే తేదీన కట్టుదురు, ఈ-పంట నమోదునకు గడువెంత, సంఘ మహాజనసభ యెప్పుడు, మురుగుకాలువ పూడిక తీయు పని యెవరికి గుత్తకిచ్చిరి అని అడిగి చూడుడు. నాలుగు ప్రశ్నలకు ఏడు సమాధానములు వచ్చును. అందులో రెండు నిజమైనచో అదృష్టము.

మన పెద్దలకాలమున ఈ పనికి దండోరా యుండెడిది. ప్రొద్దుగ్రుంకి, రైతులు పొలమునుండి మరలి, భోజనమునకు కాళ్లు కడుగుకొనువేళ వీధి మొదట తప్పెట మ్రోగెడిది. పిల్లలు ముందు పరుగెత్తెడివారు. పెద్దలు చేతిలో చెంబు పట్టుకొనియే వాకిట నిలిచెడివారు. రేపటినుండి చేలోబడిన పశువులు బందెలదొడ్డికి తోలబడుననియు, ఎల్లుండి చెఱువు చేపలు వేలము వేయుదురనియు, టీకాలవారు వచ్చుచున్నారనియు, శిస్తు కట్టువారు చావడికి రావలెననియు మూడుచోట్ల నిలిచి చాటెడివాడు. చదువు రానివానికిని అది వినబడెడిది; భూమిగలవానికిని కౌలుదారునకును ఒక్కమాఱే వినబడెడిది. తెలియదని చెప్పుకొనుటకు ఎవనికిని వీలులేకుండెను.

ఆ పద్ధతిని నేను ఉన్నదానికంటె మిన్నగా పొగడను. తప్పెట కొట్టువాడు తానే మాలపల్లెవాడో మాదిగపల్లెవాడో యైనను, ఆ పల్లెలలో గూడ చాటుమని వానితో చెప్పిన పెద్దలు తక్కువ. పాడుకొనవలసిన వేలమును మిట్టమధ్యాహ్నము, మగవారందఱు చేలలో నుండగా చాటించి, పాటకు తామొక్కరే వచ్చునట్లు చూచుకొనిన పెద్దమనుష్యులును ఊరూర నుండిరి. కూలి కొలుచునప్పుడు గింజలు తగ్గించుట మామూలే. ఈ లోపములన్నియు నిజము. అయినను వాని స్థానమున మనము వేఱొకటి నిలుపకయే దానిని పోనిచ్చితిమి. పంచాయతీ గోడపై అంటించు కాగితము వానకు తడిసి రాలిపోవును. రాలినదానిని మేక తినును. చట్టము కోరిన ప్రకటన జరిగినట్లు రిజిస్టరులో మాత్రము వ్రాయబడును.

వార్త చేరకపోవుటవలన నేమగునో ఈ సీమవారికి ఒకరు చెప్పనక్కఱలేదు. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీని బందరు ఉప్పెనలో 30,000 మంది మరణించిరి. ఆనాడు గాలివానను ముందుగా కనిపెట్టి చెప్పువారే లేరు. భారత వాతావరణ శాఖ 1875లో గాని ఏర్పడలేదు. కాని 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ శనివారమునాటికి శాఖయు నుండెను, రేడియోయు నుండెను, తుపాను వచ్చుచున్నదన్న హెచ్చరికయు నుండెను. అయినను ఐదు మీటర్ల యెత్తున సముద్రము లోనికి వచ్చి, సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలగు తీరపు పల్లెలను తుడిచివేసినది. ప్రభుత్వపు లెక్కచొప్పుననే మృతులు 10,000 మంది వఱకు గలరు. చూచినవారు ఇంకను ఎక్కువ యందురు. తుపాను అను మాట విన్నవారు కొందఱు గలరు. అది ఉప్పెనయై వచ్చునని, ఇల్లు విడిచి మెరకకు పోవలెనని, తమ యూరివాడు తమ భాషలో తమ గుడిసె వాకిట నిలిచి చెప్పగా విన్నవారు ఎందఱు? అదియే ప్రశ్న. ఎప్పుడును గాలివాన చూచియున్నవారు ఇదియు నట్టిదే యనుకొని తలుపు బిగించుకొనిరి.

ఆ పిమ్మట తుపాను ఆశ్రయములు కట్టబడినవి; హెచ్చరికలు చెప్పు విధము బాగుపడినది. 2023వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీని మిచాంగ్ తుపాను బాపట్లకడ తీరము దాటినప్పుడు, అంత దాపున నున్నను 1977నాటి ఘోరము మఱల జరుగలేదు. మనుష్యుల ప్రాణముల విషయమున వార్త నేడు చేరుచున్నది. దీనికి ఎల్లరును సంతోషింపవలెను. పంట విషయమున చేరుటలేదు. అది వరికోతల కాలము. కోయనివారు కోయక ఆగవలెను. కోసినవారు పనలను కట్టి మెరకను కుప్పవేసి కప్పవలెను. తడిసిన పనలపై లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లినచో గింజ మొలకెత్తుట తగ్గును. ఇందులో రహస్యమేమియు లేదు, ఖర్చును స్వల్పమే. కాని తుపాను వెళ్లిన నాలుగవనాడు తెలిసినచో ఆ యుప్పు కూరలోనికి మాత్రమే పనికివచ్చును.

ఇక నా వృత్తికి దగ్గఱగా నున్న మాట చెప్పెదను. సేద్యములో కొన్ని పనులు ఒంటరిగా చేసినచో చేయనట్లే. ఎలుకల నిర్మూలనము చూడుడు. ఒక రైతు నూకలు, నూనె, బ్రోమాడియోలోను కలిపి పొట్లములు కట్టి తన గట్లలోని కన్నములలో పెట్టును. నాలుగు దినములు హాయిగా నుండును. పిమ్మట పొరుగు గట్టు ఎలుకలు వచ్చి ఖాళీయైన కన్నములలో కాపురముండును. ఊరి ఆయకట్టంతయు ఒకటి రెండు దినములలో, వరి చిఱుపొట్టకు రాకమునుపే మందు పెట్టినగాని ఫలము లేదు. దీనికి కావలసినది మందుకంటె ముందు తేదీ. ఆ తేదీ ప్రతి రైతునకును తెలియవలెను. పొలము కౌలుకిచ్చి బెజవాడలో నుండు ఆసామికి గాక, గట్టుమీద నడచువానికి తెలియవలెను.

దోమపోటు సంగతియు నంతే. సుడిదోమ ఆకుపై కనబడదు. దుబ్బు మొదట, నీటికి కొంచెము పైన చేరి రసము పీల్చును. పైనుండి చూచువానికి చేను పచ్చగానే యుండును. ఒక వారమునకు సుడులు సుడులుగా ఎండిపోవును. ఎవని చేనిలో మొట్టమొదట కనబడినదో వాడు నామోషీపడి దాచుకొనును, లేదా దుకాణదారుతో మాత్రము చెప్పును. అతడు చెప్పిన మందు ఇతడు చల్లును. పొరుగువారికి తెలియు సరికి పురుగు వారి చేలలో పిల్లలు పెట్టియుండును. అదే దినమున ఊరికంతకును తెలిసినచో, నీరు తీసి మడి నారబెట్టుట, నత్రజని ఆపుట, నాట్లప్పుడు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట విడిచినవారు దుబ్బులను విడదీసి గాలి తగులనిచ్చుట మొదలగు పనులతోనే సగము గండము గడచును. వరి తరువాత మినుములో పల్లాకు తెగులును అట్లే. పసుపుపచ్చ ఆకుల మొక్కలు పదియో యిరువదియో కనబడినప్పుడే పీకి పాతిపెట్టవలెను. దానిని మోసుకొనివచ్చునది తెల్లదోమ గనుక దానికి మన సరిహద్దురాళ్లతో పనిలేదు. చేనికి తెగులు సోకుట సిగ్గుపడవలసిన సంగతి కాదు. ఇంటిలో మశూచి పోసినప్పుడు వేపాకు మండ గుమ్మమునకు కట్టి పొరుగువారికి తెలియజేసిన జాతి మనది.

కౌలుదారుల సంగతి వేఱుగా చెప్పవలసియున్నది. ఈ సీమలో పొలము దున్నువారిలో కౌలుదారులు ఎందఱో మీకు నేను చెప్పనేల? ప్రభుత్వమువారు పంపు ఫోను సందేశములు సాధారణముగా పట్టాదారు సంఖ్యకు పోవును. పట్టాదారు హైదరాబాదులోనో, విశాఖలోనో, కొడుకుకడ అమెరికాలోనో యుండును. నమోదు గడువు ముగియుచున్నదని అతని ఫోను మ్రోగును; అతడు చూడడు, చూచినను తనకు కాదనుకొనును. ఇక్కడ మోకాలిలోతు బురదలో నున్నవానికి ఫోను మ్రోగదు. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టము వచ్చి, 11 నెలల ఒప్పందముపై కార్డు నిచ్చు ఏర్పాటు జరిగినది. దానికి భూస్వామి సంతకము కావలెను. ఆ సంతకమునకై ఎన్ని చెప్పులరిగినవో కౌలుదారులకే తెలియును. ఈ-పంటలో సాగుదారుగా పేరు లేకున్న ధాన్యము అమ్ముకొనుటయు, నష్టపరిహారము పొందుటయు కష్టము. నమోదైన పేర్ల జాబితాను అభ్యంతరములకై ప్రదర్శింతురు. అది ప్రదర్శింపబడిన దినములలో ఊరిలో నెందఱు దానిని చూచిరో విచారించి చూచితిని. చాలమందికి అట్టి జాబితా యొకటి గలదనియే తెలియదు. చూచినవారిలో అధికులు తమ పేరు తప్పక నుండునని ముందే యెఱిగినవారు!

ధర విషయము చూడుడు. 2025–26 ఖరీఫు ధాన్యమునకు కేంద్రప్రభుత్వము నిర్ణయించిన మద్దతు ధర సాధారణ రకమునకు క్వింటాలుకు 2,369 రూపాయలు, ఏ-గ్రేడునకు 2,389 రూపాయలు. టెలివిజనులో ఈ సంఖ్యను వినని రైతు లేడు. కాని మన కళ్లములో దళారి క్వింటాలు మాట యెత్తడు, బస్తా మాటలాడును. మన బస్తా 75 కిలోలు. ఆ లెక్కను సాధారణ రకము బస్తాకు 1,776 రూపాయల 75 పైసలును, ఏ-గ్రేడు బస్తాకు 1,791 రూపాయల 75 పైసలును కావలెను. ఈ రెండంకెలను సంఘపు గోడపై అరచేయి యంత అక్షరములతో వ్రాసి, తేమ 17 శాతము వఱకు అనుమతింపబడునని దాని క్రింద వ్రాసినచో, తేమ యెక్కువ, రంగు మాఱినది, మిల్లువారు తీసికొనుటలేదు అను పాత పాట సగము తగ్గును. తేమ కొలుచు యంత్రమును సంఘపు అరుగుమీదనే పెట్టి, ఏ రైతైనను దోసెడు గింజలు తెచ్చి చూచుకొనవచ్చునని తెలియజేసినచో మిగిలిన సగములో కొంత తగ్గును. దళారులందఱును దుష్టులని నేననుటలేదు. తెలిసిన రైతుతో బేరమాడు దళారి వేఱు, తెలియని రైతుతో బేరమాడునప్పుడు ఆ దళారియే వేఱు.

2025 ఖరీఫున యూరియా కొఱకు రైతులు వరుసలు గట్టుట రెండు తెలుగు రాష్ట్రములందును జరిగినది. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. సరకు తక్కువగుట ఒక కష్టమైతే, పుకారు రెండవ కష్టము. ఫలానా చోట లారీ దిగినదట యని యొకడనును. పదిమంది మోటారుసైకిళ్లు ఎక్కి పోవుదురు. అక్కడ లారీయు లేదు, దాని చక్రపు జాడయు లేదు. ఒక పూట కూలి పోయినది, పెట్రోలు పోయినది. ఆడువారు చెప్పులను, పాసుపుస్తకములను వరుసలో పెట్టి చెట్టునీడన కూర్చుండవలసి వచ్చినది. సరకు ఎన్ని బస్తాలు వచ్చినవి, ఎన్ని యెవరికి పోయినవి, ఎన్ని మిగిలినవి అను మూడు మాటలు ప్రతిదిన ముదయము సంఘపు వాకిట వ్రాసియుంచినచో సరకు పెరుగదు నిజమే, అనుమానము తగ్గును. వ్రాయుటకు వెనుదీయు సంఘముపై సభ్యులకు అనుమానము కలిగినచో అది సభ్యుల తప్పు కాదు.

మన జిల్లాకు వార్తాపత్రికలు క్రొత్త గావు. కృష్ణాపత్రిక 1902లో బందరున కొండా వెంకటప్పయ్యగారు, దాసు నారాయణరావుగారు మొదలగువారి ప్రయత్నమున వెలువడినది; ముట్నూరి కృష్ణారావుగారు 1907 నుండి 1945లో కాలధర్మము నొందువఱకు దానిని నడపిరి. జిల్లా పేరు పెట్టుకొని పుట్టిన పత్రిక ఆంధ్రదేశమంతయు చదివినది. తరువాతి కాలమున 1989 ప్రాంతమునుండి ఈనాడు మొదలగు దినపత్రికలు జిల్లాకొక అనుబంధము వేయసాగెను. చిన్న యూరి సంగతి అచ్చులో చూచుకొనుట సామాన్య జనులకు అప్పటినుండియే అలవాటైనది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణమును ఎదిరించిన సంగతి అక్షరాస్యతా పాఠముగాను, పత్రికావార్తగాను ఊరూర వ్యాపించి, 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారా నిషేధమునకు దారితీసినది. ఒక పల్లె వార్త ఇంత పనిచేయగలదు. నేడు జిల్లా పుటలలో నాకు కనబడునవి ఎక్కువగా శాలువలు, పూలదండలు, రిబ్బను కత్తిరించు కత్తెరలు. విలేఖరులను తప్పుపట్టి ప్రయోజనము లేదు. వారు ఆరేసి మండలములు తిరుగవలెను, ఎదురుమొండి దీవికి పంటు దాటి పోయి మురుగుకాలువ లోతెంత యని కొలుచుటకు వారికి తీరిక యెక్కడిది? మన వార్త మనమే వ్రాసికొనవలెను.

నా సూచన యిది. సంఘ భవనపు వరండాలో, బాటకు అభిముఖముగా, ఆరడుగుల పొడవు నాలుగడుగుల వెడల్పు గల నల్లపలక యొకటి నిలుపవలెను, పైన దీపముండవలెను. మిషను బడులలో ప్రతి ఉదయము పలకపై నాటి తేదీయు, నాటి సంగతియు వ్రాసి పిల్లలచే చదివించు అలవాటుండెడిది. ఆ మాత్రపు ఏర్పాటు చాలును. అట్టి పలకయే హరిజనవాడలో నొకటి, రేవుకడ నొకటి యుండవలెను. సంఘమున ఒకటి పెట్టి మిగిలినవి తరువాత చూతమనినచో, ఆ తరువాత ఎన్నటికిని రాదని నా యనుభవము. మూడును ఒక్కనాడే పెట్టవలెను. సోమవారమును గురువారమును తుడిచి క్రొత్తగా వ్రాయవలెను. వ్రాసినవాడు క్రింద తేదీవేసి చేవ్రాలు చేయవలెను. చేవ్రాలు లేనిది వార్త కాదు.

అందు నేమి వ్రాయవలెను? కాలువ వంతు, కాలువ కట్టు తేదీ, నమోదు గడువులు, ధర, సరకు నిల్వ, పురుగు కనబడిన చేని గుఱుతు (పేరు అక్కఱలేదు, ఏ డొంకప్రక్కనో చెప్పినచాలును), పశువైద్యుడు వచ్చు దినము. వరిచేను చెఱువుగా మార్చ నెవరైన అనుమతి కోరినచో ఆ సంగతి తప్పక వ్రాయవలెను. కోడూరు, నాగాయలంకల వైపు ఉప్పునీటి చెఱువు ప్రక్కనున్న చేను చౌడుదేరుట చూచినవారికి దీని ముఖ్యత తెలియును. త్రవ్విన పిమ్మట పోట్లాడుటకంటె త్రవ్వకముందు వినుట మేలు. వీనితోబాటు తప్పిపోయిన గేదె, పరీక్షలో నెగ్గిన పిల్ల, మరణించిన వృద్ధుడు, హంసలదీవి తిరునాళ్లకు బండ్లు పోవు దినము, క్రిస్మసు నాటకము జరుగు రాత్రి, ఇవియు నుండవలెను. కేవలము గడువులు మాత్రమే వ్రాసిన పలకను కచేరీ నోటీసని జనులు చూడకయే పోవుదురు. గేదెకై వచ్చినవాని కంట గడువు పడును.

చదువలేనివారి కొఱకు దండోరా మఱల నుండవలెనని గట్టిగా కోరుచున్నాను. తప్పెట యైనను సరే, చేతిమైకైనను సరే. గుడి మైకు, చర్చి మైకు, మసీదు మైకు ఊరికి కొదువ లేవు. పాటలకు మ్రోగునవి కాలువ తేదీకిని మ్రోగవచ్చును. చాటువానికి దినకూలి సంఘమే యియ్యవలెను, చేతిలో పెట్టి యియ్యవలెను. లాభములలో కొంత సహకార విద్యకై తీసియుంచు ఏర్పాటు సహకార చట్టములలో నున్నది. సభ్యునకు సంగతి తెలియజేయుటకంటె మించిన సహకార విద్య యేమున్నదో నాకు తెలియదు. స్త్రీల పొదుపు సంఘములు నియమముగా కూడుచున్నవి గదా. పలకమీది వార్తను ఆ కూటములలో నొకతె చదివి వినిపించినచో, మగవారికి చెప్పినదానికంటె శీఘ్రముగా ఊరంతయు తెలియును. ఇది హాస్యమునకు చెప్పినది కాదు. వీనితోబాటు కార్యదర్శికడ మఱియొక పుస్తక ముండవలెను: సర్వే సంఖ్యవారీగా, నిజముగా దున్నువాని పేరు, వాని ఫోను సంఖ్య. భూస్వాములు దీనికి జంకనక్కఱలేదు. ఆ పుస్తకము హక్కులకు కాదు, కబురునకు.

ఫోనులో సంఘపు గ్రూపు ఉన్నది గదా, పలక యేలయని కొందఱు పడుచువారు నన్నడిగిరి. ఆ గ్రూపును నేనును చూచితిని. శుభోదయములు నలువది, పార్టీల కయ్యములు పండ్రెండు, ఎవరిదో పుట్టినదినము. వీని నడుమ కాలువ కట్టు తేదీ ఎక్కడనో మునిగియుండెను. మునిగినదానిని ఎత్తి చూపినవాడు లేడు. గ్రూపు ఉండనిండు, పలకను ఫొటో తీసి అందులో పెట్టుడు.

పార్టీలవారు పలకను తమదిగా చేసికొందురను భయము సకారణమైనదే. అందుచేత ఒక నియమము కావలెను: పలకపై ఎవరి స్తోత్రమును ఉండరాదు, ఎవరి నిందయు ఉండరాదు, ఏ నాయకుని పేరునకు ముందును వెనుకను విశేషణము ఉండరాదు. వ్రాయువారు ఇద్దఱుండి, వేఱువేఱు వీధులవారై యుండుట మంచిది. అప్పు బాకీదారుల పేర్లు పలకకెక్కింపవలెనని పాలకవర్గములలో కొందఱు చెప్పుదురు. నేను దానికి వ్యతిరేకిని. పదివేలు బాకీపడిన కౌలుదారుని పేరు వీధిలో పడును. పది లక్షలు బాకీపడినవాడు దానిని పడనీయడు. సంఘమునకు రావలసిన మొత్తమెంత, గడువు దాటినదెంత అని మాత్రము వ్రాయుడు. మనుష్యులకు ఉత్తరము వ్రాయుడు.

పలకకు ఖర్చు ఎక్కువ కాదు. మన వడ్రంగులు మూడింటిని వారములోపల చేయగలరు. వచ్చు మహాజనసభ కార్యక్రమమున ఈ విషయమును చేర్చుటకు సభ్యులు వ్రాతమూలమున కోరవలసియుండును. ఆ కాగితముపై కౌలుదారులును, హరిజనవాడ సభ్యులును, స్త్రీ సభ్యులును చేవ్రాళ్లు చేయుట అవసరము, ఏలయనగా మహాజనసభ తేదీ వారికే చివర తెలియుచున్నది. మీ యూరిలో తప్పెట కొట్టినవారి కుటుంబములలో నేడు ఆ పనికి ఇష్టపడువారెవరైన నున్నచో, వారి పేరును, వారడుగు కూలిని కూడ ఆ కాగితముతోనే కార్యదర్శిగారికి తెలియజేయవలెనని కోరుచున్నాను.